మైనపు బ్లాకులో ఊపిరితిత్తి

ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద పరిశోధన చేశానని చెప్పగానే శ్రీకాకుళంలో నాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "చుట్టల వల్లే కదండీ?" అడిగేవారి అనుమానం సహేతుకమైనదే. చుట్ట ఈ జిల్లాకు కొత్త కాదు, మంట ఉన్న కొసను నోట్లో పెట్టుకొని పీల్చే అడ్డపొగ అంతకన్నా కొత్త కాదు. కానీ ఆ ప్రశ్నకు 'అవును' అన్నది సగం జవాబే అవుతుంది. మిగతా సగం కోసం వెతకడంలోనే నా ఉద్యోగ జీవితం గడిచింది. పదవీ విరమణ చేసి, సొంత ఊరికి దగ్గరగా ఉందామని ఇక్కడికి వచ్చిన తరువాత జిల్లాలోని యువ వైద్యులు కొందరు "మీరు ఇన్నేళ్ళు చేసిన పని ఏమిటో ఒకసారి వివరంగా రాయండి సార్" అని అడుగుతూ వస్తున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది నరసన్నపేట దాటాక సముద్రం వైపు వెళ్ళే దారిలో ఉన్న పల్లె. మా అమ్మమ్మ అడ్డపొగ తాగేది. ఆమె ఈడు ఆడవాళ్ళలో తాగనివారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదని, చంటిబిడ్డ మీద నిప్పురవ్వ పడదని, మామగారి ఎదుట పొగ కనబడదని వాళ్ళు కారణాలు చెప్పేవారు. "నిప్పు నోట్లో ఉంటే సేతులు ఖాళీ గదేటిరా" అని అమ్మమ్మ నవ్వేది. ఆ అలవాటుకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని వైద్యులు 1950ల నాటికే గుర్తించి పత్రికలలో రాశారు. 1971లో డెన్మార్క్‌కు చెందిన జెన్స్ పింద్‌బోర్గ్, బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థకు చెందిన ఫాలీ మెహతా, ప్రకాశ్ గుప్తా తదితరులు మన ప్రాంతపు పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించిన వివరాలను బ్రిటన్‌లోని ఒక క్యాన్సర్ పత్రికలో ప్రచురించారు. నోటి వ్యాధుల గురించి చదువుకునేవారికి ప్రపంచంలో ఎక్కడైనా శ్రీకాకుళం పేరు తగులుతుందంటే అందులో ఆ పనికి పెద్ద వాటా ఉంది.

విశాఖపట్నంలో ఆంధ్ర వైద్య కళాశాలలో చదువుకునే రోజుల్లో, కింగ్ జార్జ్ ఆసుపత్రి వార్డుల్లో మన వైపు నుంచి వచ్చిన ముసలమ్మల అంగిళ్ళు చాలానే చూశాను. అక్కడ కారణమూ ఫలితమూ రెండూ కంటికి కనబడేవి: నిప్పు తగిలిన చోటే పుండు. ఊపిరితిత్తి సంగతి అలా ఉండదు. పొగ పీల్చడానికీ గడ్డ బయటపడటానికీ మధ్య ఇరవై, ముప్పై ఏళ్ళు గడుస్తాయి, ఆ మధ్యకాలంలో లోపల ఏం జరుగుతోందో బయటికి ఏ ఆనవాలూ ఉండదు. పైగా పొగ ముట్టనివారికి కూడా ఆ జబ్బు వస్తుంది.

ఈ చివరి మాట నాకు పుస్తకం కన్నా ముందు ఒక రోగి వల్ల తెలిసింది. రాజాం వైపు నుంచి వచ్చిన ఆమెకు నలభై ఏళ్ళు దాటి ఉండవు. అప్పటికే నెలల తరబడి క్షయ మందులు మింగింది. ముక్క పరీక్షలో (బయాప్సీలో) ఎడినోకార్సినోమా, అంటే గ్రంథి కణాల నుంచి పుట్టే రకం క్యాన్సర్ అని తేలింది. కేసు షీటులో అలవాట్ల గడి నింపడానికి నేను ప్రశ్నలు అడుగుతుంటే, వెంట వచ్చిన తమ్ముడు కాస్త కోపంగానే "మా అప్ప సుట్ట ముట్టనేదండి డాట్రుగారూ, ఆ వాసనే పడదు తనకి" అన్నాడు. అలవాట్లు ఏమీ లేవని రాశాను. ఆమె ఏ పొయ్యి మీద, ఎన్నేళ్ళుగా, ఎంత గాలి ఆడే గదిలో వంట చేస్తోందో రాయడానికి ఆ షీటులో గడి లేదు.

క్షయ మందుల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట చెప్పాలి. దగ్గు, బరువు తగ్గడం, గళ్ళలో రక్తం, ఎక్స్‌రేలో మచ్చ చూసి వైద్యుడు ముందుగా క్షయను అనుమానించడం మన దేశంలో తెలివితక్కువ పని కాదు. అంత విస్తారంగా ఉన్న జబ్బును అనుమానించకపోవడమే తప్పు. అయితే కఫం పరీక్షలో ఏమీ దొరకకపోయినా, రెండు నెలల మందు తరువాత మచ్చ తగ్గకపోయినా, అదే చీటీని మళ్ళీ రాసివ్వడం మాత్రం క్షమించరానిది. మన దేశంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో ఎక్కువమంది జబ్బు ముదిరిన తరువాతే క్యాన్సర్ వైద్యుల దగ్గరికి చేరుతున్నారంటే, అందులో ఈ కోల్పోయిన నెలల వాటా తక్కువేమీ కాదు.

పాథాలజీలో ఎండీ చేసి, ఆ తరువాత హైదరాబాదులో పరిశోధనలో చేరి, అక్కడి నుంచి అమెరికాలోని ఒక ప్రయోగశాలకు వెళ్ళాను. ఈ దారిలో గ్రాంట్ల కోసం ఎదురుచూపులు, తిరిగివచ్చిన వ్యాసాలు, కస్టమ్స్‌లో ఆగిపోయి కరిగిపోయిన రసాయనాల పెట్టెలు అందరికీ ఉండేవే కాబట్టి వాటి జోలికి వెళ్ళను. నేను పట్టుకున్న అణువు కథ మాత్రం చెప్పాలి, ఎందుకంటే వైద్య పరిశోధనకు అసలు ఎంత ఓపిక కావాలో అందులో కనబడుతుంది.

1962లో అమెరికాలోని నాష్‌విల్‌లో స్టాన్లీ కోహెన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త, ఎలుకల లాలాజల గ్రంథి నుంచి తీసిన ఒక ప్రోటీన్‌ను అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కిస్తే వాటి కళ్ళు గడువుకు ముందే తెరుచుకుంటున్నాయని, పళ్ళు కూడా ముందే వస్తున్నాయని ప్రకటించాడు. చర్మపు పొర పెరుగుదలను తొందరపెట్టే ఈ ప్రోటీన్‌కు ఈజీఎఫ్ అని పేరు. దానిని అందుకోవడానికి కణం పైపొర మీద ఉండే గ్రాహకం ఈజీఎఫ్‌ఆర్. కోహెన్‌కు 1986లో రీటా లెవీ మోంటాల్చినితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఎలుక పిల్లల కనురెప్పల మీద మొదలైన పని ఒకనాటికి రాజాం స్త్రీకి మందు చీటీగా మారవచ్చునని ఆనాడు ఆయనతో సహా ఎవరూ ఊహించి ఉండరు. ఇలాంటి పరిశోధనకు డబ్బు దండగని వాదించేవారు ఎదురైనప్పుడల్లా నేను ఈ ఎలుకలనే ముందు పెడతాను.

ఈ గ్రాహకాన్ని అడ్డుకునే జెఫిటినిబ్ అనే మాత్ర 2002లో జపాన్‌లో, 2003లో అమెరికాలో అనుమతి పొందింది. మాత్ర వేసుకున్న పాశ్చాత్య రోగుల్లో సుమారు పదిమందిలో ఒకరికి మాత్రమే గడ్డ కరిగేది, కానీ ఆ ఒక్కరికి కరగడం చూస్తే నమ్మశక్యంగా ఉండేది కాదు. ఆ అదృష్టవంతుల్లో స్త్రీలు, పొగ తాగనివారు, తూర్పు ఆసియా వారు ఎక్కువగా ఉండేవారు. కారణం తెలియక అన్ని ప్రయోగశాలలూ గడ్డలో ఈ గ్రాహకం ఎంత ఉందో రంగు వేసి కొలుస్తుండేవి. ఆ కొలతకూ మందు పనితనానికీ పొంతన కుదిరేది కాదు. 2004 ఏప్రిల్‌లో బోస్టన్‌కు చెందిన రెండు బృందాలు ఇంచుమించు ఒకేసారి జవాబు చెప్పాయి: మందు పనిచేసిన రోగుల గడ్డల్లో గ్రాహకపు జన్యువులోనే మార్పులు ఉన్నాయి. 19వ ఎక్సాన్‌లో (జన్యువులో ప్రోటీన్ తయారీకి సూచనలు ఉండే భాగాన్ని ఎక్సాన్ అంటారు) చిన్న ముక్క ఎగిరిపోవడం, 21వ ఎక్సాన్‌లో 858వ స్థానంలో లూసిన్ అనే అమైనో ఆమ్లం బదులు ఆర్జినిన్ చేరడం, ఈ రెండు రకాలే ఇలాంటి మార్పుల్లో అధికభాగం. ఆ వ్యాసాలు చదివిన సాయంత్రం ప్రయోగశాలలో ఎవరూ పని చేయలేదు. మేమంతా కొలతబద్ద పట్టుకొని తప్పు చోట నిలబడి ఉన్నామని అందరికీ ఒక్కసారే అర్థమైంది.

ఆ తరువాత 2009లో ఆసియా దేశాల రోగుల మీద జరిగిన ఐపాస్ అధ్యయనం, జన్యువులో మార్పు ఉన్నవారికి మొదట ఈ మాత్రే కీమో కన్నా మెరుగని, మార్పు లేనివారికి కీమోయే మెరుగని స్పష్టంగా చూపింది. నా దృష్టిలో ఈ రెండో సగం మొదటి సగమంత ముఖ్యమైనది. "ఖరీదైన మాత్ర ఏదైనా ఉంటే రాసేయండి సార్" అని అడిగే కుటుంబాలకు, పరీక్ష లేకుండా మాత్ర ఇస్తే ప్రాణానికే నష్టం జరగవచ్చునని చెప్పడానికి ఇంతకన్నా బలమైన ఆధారం లేదు.

నా సొంత పని ఎక్కువగా పీసీ-9 అనే కణాలతో సాగింది. జపాన్‌లో ఒక రోగి గడ్డ నుంచి తీసి ప్రయోగశాలల్లో తరతరాలుగా పెంచుతున్న ఈ కణాల వంశంలో (సెల్ లైన్‌లో) 19వ ఎక్సాన్ మార్పు ఉంటుంది. కణాలను పెంచే ద్రవం దానిమ్మ రసంలో నీళ్ళు కలిపినట్టు ఎర్రగా ఉంటుంది. కణాలు కిక్కిరిసి ఆమ్లం వదిలితే అది నారింజ రంగుకు, ఆ తరువాత పసుపుకు తిరుగుతుంది. అనుభవం ఉన్నవారు కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ తలుపు తీసి రంగు చూసి, ఏ ఫ్లాస్కులోని కణాలను ఈ పూటే వేరే ఫ్లాస్కుల్లోకి పంచాలో, ఏది రేపటిదాకా ఆగుతుందో చెప్పేస్తారు. బూజు పడితే మబ్బుగా కనబడుతుంది, పారేయవచ్చు. మైకోప్లాస్మా అనే అతి చిన్న బాక్టీరియా పడితే ఏమీ కనబడదు, ద్రవం తేటగానే ఉంటుంది, ఫలితాలు మాత్రం నెలల తరబడి చెడిపోతాయి. కొత్తగా చేరిన విద్యార్థులకు జన్యుశాస్త్రం కన్నా ముందు నేను ఈ తలుపు తీయడం, మూయడం నేర్పేవాడిని. ఎక్కువసేపు తెరిచి ఉంచితే బొగ్గుపులుసు వాయువు తగ్గి కణాలు దెబ్బతింటాయి.

పీసీ-9 కణాలకు జెఫిటినిబ్ కలిపితే కొద్ది రోజుల్లో దాదాపు అన్నీ చచ్చిపోతాయి. ఫ్లాస్కు అడుగున వెయ్యికి రెండు, మూడు మిగులుతాయి. అవి పెరగవు, చావవు. మందు తీసేస్తే మళ్ళీ మామూలు కణాల్లా పెరుగుతాయి, మళ్ళీ మందుకు లొంగుతాయి. అంటే వాటిలో శాశ్వతమైన జన్యుమార్పు ఇంకా రాలేదన్నమాట. అదే మందులో చాలాకాలం ఉంచితే కొన్ని నిజంగానే మొండికేస్తాయి. రోగుల్లోనూ ఇదే జరుగుతుంది. మొదట కరిగిన గడ్డ సుమారు ఏడాదిలో తిరిగి పెరగడం మొదలుపెడుతుంది, అలాంటివారిలో దాదాపు సగం మందిలో అదే జన్యువులో 790వ స్థానంలో రెండో మార్పు కనబడుతుంది. ఆ మార్పును దాటే ఓసిమెర్టినిబ్ 2015లో వచ్చింది; దానికీ కణాలు తప్పించుకునే దారులు కనిపెట్టాయి. నా పని జీవితంలో ఎక్కువ భాగం, ఆ మిగిలిపోయిన కొద్ది కణాలు దేనిని తిని, ఏ సంకేతం పట్టుకొని బతుకుతున్నాయో చూడటంలో గడిచింది. జవాబు ఒక్కటి కాదు, ఒక్కో గడ్డలో ఒక్కో రకం అన్నదే మాకు దొరికిన జవాబు. పత్రికల్లో పెద్ద అక్షరాల్లో వేసుకోదగ్గ విషయం కాదు గానీ నిజం అదే.

ఇక చుట్ట ప్రశ్నకు వస్తాను. 1950లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ లండన్ ఆసుపత్రుల రోగులను ప్రశ్నించి పొగాకును పట్టుకున్నారు. అంతకు ముందు డాల్ అనుమానం రోడ్లకు పూసే తారు మీద ఉండేది. అయితే అది గణాంకాల సాక్ష్యం. అణువుల సాక్ష్యం 1996లో దొరికింది. పొగలోని బెంజోపైరీన్ శరీరంలో మారి ఏర్పడే పదార్థం, పీ53 అనే కాపలా జన్యువులో 157, 248, 273 స్థానాల్లో గట్టిగా అతుక్కుంటుందని తేలింది. పొగ తాగేవారి గడ్డల్లో ఆ జన్యువు తరచుగా చెడిపోయి కనబడే చోట్లు సరిగ్గా అవే. కాబట్టి ఈనాడు గడ్డలోని డీఎన్‌ఏను చదివి, అందులో పొగాకు ముద్ర ఉందో లేదో చాలావరకు చెప్పవచ్చు. పొగ ముట్టని స్త్రీల గడ్డల్లో ఆ ముద్ర సాధారణంగా ఉండదు. వాటిలో ఈజీఎఫ్‌ఆర్ లాంటి ఒకటి, రెండు బలమైన మార్పులు ఉంటాయి.

మరి ఆ మార్పు ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్ననే కొంచెం తిప్పి అడగాలని 2023లో లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ సంస్థకు చెందిన చార్లెస్ స్వాంటన్ బృందం 'నేచర్' పత్రికలో చూపింది. క్యాన్సర్ లేని ఊపిరితిత్తి ముక్కలను చాలా లోతుగా చదివితే, 18 శాతం నమూనాల్లో ఈజీఎఫ్‌ఆర్ మార్పులు, 53 శాతంలో కేరాస్ అనే మరో క్యాన్సర్ జన్యువులో మార్పులు అప్పటికే ఉన్నాయి. వయసుతోపాటు ఇవి వాటంతటవే చేరుతుంటాయి, ఆ కణాలు గడ్డ కట్టకుండా ఊరికే పడి ఉంటాయి. గాలిలోని 2.5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు ధూళి ఊపిరితిత్తిలోకి వెళ్ళినప్పుడు అక్కడ ధూళిని మింగే మాక్రోఫేజ్ అనే రక్షక కణాలు ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే పదార్థాన్ని వదులుతాయి, దానివల్ల రేగే వాపులో, అంతదాకా ఊరికే పడి ఉన్న ఆ కణాలు లేచి పెరగడం మొదలుపెడతాయి. ఎలుకల్లో ఆ పదార్థాన్ని ముందే అడ్డుకుంటే గడ్డలు తగ్గాయి. అంటే ధూళి ఇక్కడ జన్యువును విరగ్గొట్టనక్కరలేదు. అప్పటికే విరిగి ఉన్నదానికి తోడైతే చాలు.

ఆ వ్యాసం చదివినప్పుడు నాకు లండన్ రోడ్ల మీది వాహనాల కన్నా ముందు మన వంటిళ్ళే గుర్తుకు వచ్చాయి. కట్టెలు, పిడకలు, కొబ్బరి మట్టలు, జీడి మామిడి తోటల్లో ఏరిన పుల్లలు మండే పొయ్యి ముందు ఒక స్త్రీ రోజుకు మూడు, నాలుగు గంటలు కూర్చుంటుంది. గ్యాస్ సిలిండరు వచ్చిన ఇళ్ళల్లో కూడా నీళ్ళు కాగడానికి, ధాన్యం ఉడకబెట్టడానికి కట్టెల పొయ్యి ఇంకా వెలుగుతూనే ఉంది. ఇళ్ళలో మండే బొగ్గు పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిస్సందేహమైన క్యాన్సర్ కారకంగా, కట్టెల పొగను బహుశా కారకంగా వర్గీకరించింది. ఆ 'బహుశా' ఇంకా 'బహుశా'గానే మిగలడానికి ఒక కారణం, కట్టెల పొయ్యిల దగ్గర బతికే మనలాంటి జిల్లాల నుంచి సరైన నమూనాలు ప్రయోగశాలలకు చేరకపోవడమే అని నా అభిప్రాయం.

ఆ నమూనాలు ఇక్కడే ఎందుకు ఆగిపోతున్నాయో శ్రీకాకుళం వచ్చాక దగ్గరగా చూశాను. సీటీ స్కాన్ సాయంతో సూదితో తీసే ముక్క దారపు పోగంత సన్నంగా, ఒకటి, రెండు సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. దానిని వెంటనే, కుళ్ళకుండా గట్టిపరిచే పది శాతం బఫర్డ్ ఫార్మాలిన్‌లో (ఆమ్లంగా మారకుండా లవణాలు కలిపినదానిలో) వేయాలి. ద్రవం ముక్క పరిమాణానికి కనీసం పది రెట్లు ఉండాలి. ఆరు గంటల కన్నా తక్కువ ఉంటే ముక్క లోపలిదాకా గట్టిపడదు, రోజుల తరబడి ఉంటే డీఎన్‌ఏ తునాతునకలైపోతుంది. ఇక్కడ నా ముందుకు వచ్చినవాటిలో కొన్ని ఉప్పునీటి సీసాలో వచ్చాయి. కొన్ని ఇంజక్షన్ సీసాలో, నీళ్ళు కలపని ఘాటు ఫార్మాలిన్‌లో కుక్కి వచ్చాయి. ఒకటి శుక్రవారం తీసి బుధవారం దాకా బల్ల మీదే ఉంది. బఫర్ లేని ఫార్మాలిన్ రోజులు గడిచేకొద్దీ ఆమ్లంగా మారుతుంది, ఆ ఆమ్లంలో డీఎన్‌ఏ అక్షరాలు చెరిగి, సైటోసిన్ ఉండవలసిన చోట థైమిన్ చదవబడుతుంది. లేని మార్పు ఉన్నట్టు నివేదిక రావడానికి అది చాలు.

ముక్క బాగా గట్టిపడి, దానిని మైనంలో పోతపోసి బ్లాకుగా చేసిన తరువాత కూడా ప్రమాదం తప్పలేదు. ఇది ఏ రకం క్యాన్సరో తేల్చడానికి నాలుగు మైక్రాన్ల మందంతో పొరలు కోసి ఒకదాని తరువాత ఒకటి రంగులు వేస్తూ పోతే, జన్యు పరీక్ష దగ్గరికి వచ్చేసరికి బ్లాకులో మైనం మాత్రమే మిగులుతుంది. టీటీఎఫ్-1, పీ40 అనే రెండు రంగులతో సాధారణంగా పని పూర్తవుతుంది. అక్కడితో ఆపి మిగతా ముక్కను దాచమని నేను సాంకేతిక సిబ్బందికి పదేపదే చెబుతాను. రక్తంలో తేలే డీఎన్‌ఏను చదివే పరీక్షలు వచ్చిన మాట నిజమే, అమెరికాలో 2016లోనే మొదటిదానికి అనుమతి దొరికింది. కానీ గడ్డ చిన్నదైతే రక్తంలో అది దొరకకపోవచ్చు, అప్పుడు మళ్ళీ ఈ బ్లాకు దగ్గరికే రావాలి.

జిల్లాకు పెద్ద జన్యు యంత్రం కావాలని తరచూ వింటుంటాను. నాకు ఆ ఆత్రం లేదు. విశాఖపట్నం అగనంపూడిలో టాటా స్మారక కేంద్రం నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. బ్లాకు బాగుంటే దానిని అక్కడికో హైదరాబాదుకో పంపడం కష్టం కాదు. ప్రతి పెద్దాసుపత్రిలో సరిగ్గా కలిపిన ఫార్మాలిన్, బ్లాకును పలుచని పొరలుగా కోసే మైక్రోటోమ్ మీద చేయి తిరిగిన ఒక టెక్నీషియన్, పాత బ్లాకులు ఎండకు కరగకుండా ఉండే ఒక అల్మరా, ఈ మూడూ ముందు కావాలి. పాత బ్లాకుల గురించి మరీ చెబుతున్నాను. చక్కగా చేసిన బ్లాకు పదేళ్ళ తరువాత కూడా చదవడానికి పనికివస్తుంది. చోటు చాలడం లేదని వాటిని బస్తాల్లో కట్టి పారేస్తే, పొగ ముట్టని స్త్రీల గురించి మనం అడగదలచుకున్న ప్రశ్నకు జవాబును కూడా బస్తాలో కట్టి పారేసినట్టే.

ముక్కను పరిశోధనకు వాడుకోవాలంటే రోగి ఒప్పుకోవాలి, నైతిక సంఘం అనుమతి ఉండాలి. ఈ విషయంలో ఉద్దానం మనకు పాఠం నేర్పింది. కిడ్నీ జబ్బు కారణం వెతకడానికి వచ్చిన ఎన్నో బృందాలకు రక్తం, మూత్రం, బావి నీళ్ళు ఇచ్చి ఇచ్చి అక్కడి జనం విసిగిపోయారు. కవిటి వైపు ఒక పెద్దాయన నన్ను చూసి "మళ్ళీ రగతమేనా బావూ, ఎనకటి దాని సంగతేటయింది?" అని అడిగారు. ఆయన అడిగినదానిలో అన్యాయం ఏమీ లేదు. నమూనా తీసుకున్నవారు ఫలితం చెప్పడానికి తిరిగి రావాలన్న నియమం కాగితం మీద ఉంటుంది, రావడానికి బండి ఖర్చు మాత్రం ఏ గ్రాంటులోనూ ఉండదు. నా చేతిలో ఉంటే ఆ ఖర్చును మొదటి పద్దుగా రాయిస్తాను.

ఇప్పుడు నేను చేస్తున్న పని చాలా చిన్నది. ముక్క పరీక్షకు పంపే చీటీకి వెనకవైపు నింపడానికి ఒక పేజీ తయారు చేశాను. చుట్ట, బీడీ, సిగరెట్టు, అడ్డపొగ, ఎన్నేళ్ళు అన్న మామూలు గడుల తరువాత వంట గురించి అడుగుతుంది: ఏ వయసు నుంచి, కట్టెలా గ్యాసా రెండూనా, వంట గదికి పొగ గూడు ఉందా, ధాన్యం ఉడకబెట్టేది ఎవరు. ఆ తరువాత పని గురించి: టెక్కలి వైపు గ్రానైట్ క్వారీ, పలాస జీడి పిక్కల పని, నెల్లిమర్ల జనపనార మిల్లు, గరివిడి మాంగనీసు గని. వీటిలో రాతి ధూళిలోని సిలికా 1997 నుంచి రుజువైన క్యాన్సర్ కారకాల జాబితాలో ఉంది. మిగతావాటి మీద ముందే తీర్పు చెప్పను, అడిగి రాసుకుంటేనే కదా తెలిసేది. మొదట్లో ఈ పేజీ ఖాళీగా తిరిగి వచ్చేది. రోగిని కాకుండా వెంట వచ్చిన కూతురినో కోడలినో అడగమని ఒక నర్సమ్మ సలహా ఇచ్చిన తరువాత గడులు నిండటం మొదలైంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ముక్క పరీక్షలు చేయించే వైద్యులు ఎవరైనా ఈ పేజీ వాడదలచుకుంటే అడగండి, పంపుతాను. ఫార్మాలిన్ కలిపే కొలతలు కూడా దాని అడుగునే అచ్చు వేయించాను.